సీక్వెల్ నిర్ణయం మీది, నష్టం అందరిదీ: హాలీవుడ్ స్టూడియో అధిపతులకు ఒక ఎగ్జిబిటర్ బహిరంగ లేఖ

పెద్ద ఫ్రాంచైజీలు, అంటే ఒకే కథా లోకంలో వరుసగా వచ్చే సినిమాలు, నడుపుతున్న హాలీవుడ్ స్టూడియోల అధిపతులకు నమస్కారం.

మీ సినిమాలు మాకు అన్నం పెట్టాయి. ఆ కృతజ్ఞత మనసులో ఉంచుకునే ఈ లేఖ రాస్తున్నాను. నేను థియేటర్ల బుకింగ్ చూసుకునే మనిషిని. ఏ సినిమాకు ఎన్ని షోలు వేయాలి, ఏ షరతుల మీద తీసుకోవాలి, ఎన్ని వారాలు ఉంచాలి అన్నదే నా పని. సీక్వెల్స్‌కి ఓపెనింగ్స్ తగ్గుతున్నా షరతులు మాత్రం పాత హిట్ నాటివే ఉంటున్నాయని డిస్ట్రిబ్యూషన్ వాళ్లకు నోటితో చెప్పాం, ఉత్తరాలు రాశాం. "పైకి పంపాం" అన్నారు. పై నుంచి ఏ జవాబూ రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందు రాయాల్సి వస్తోంది.

మీ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట ఒకటుంది: జనం విసిగిపోయారు, ఇది 'ఫ్రాంచైజీ ఫెటీగ్' అని. ఆ మాటతోనే నాకు పేచీ. జనం అంత విసిగిపోయి ఉంటే 2021 డిసెంబరులో, కరోనా భయం ఇంకా పోని రోజుల్లో, 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్' 190 కోట్ల డాలర్లు ఎలా దాటింది? మొదటి భాగం వచ్చిన 36 ఏళ్లకు తీసిన 'టాప్ గన్: మావెరిక్' 2022లో దాదాపు 150 కోట్ల డాలర్లు ఎలా తెచ్చింది? 2024లో 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' 130 కోట్లు దాటింది కదా? టికెట్ కొనే జనం ఎక్కడికీ పోలేదు. మీ ఖర్చు పాత రికార్డు హిట్ దగ్గరే నిలబడిపోయింది, మీ కథలు కొత్తగా వచ్చేవాడికి అందకుండా పోయాయి. ఈ రెండూ కలిసి లాభాన్ని తినేస్తున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దాని లెక్క.

ముందు అందరికీ తెలిసిన అంకెలు చూద్దాం.

2012లో డిస్నీ, స్టార్ వార్స్ సినిమాలు తీసే లూకాస్‌ఫిల్మ్‌ను 405 కోట్ల డాలర్లకు కొంది. 2015లో వచ్చిన 'ది ఫోర్స్ అవేకెన్స్' ప్రపంచమంతా కలిపి 207 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. ఆ కథలో తర్వాతి భాగం 2017లో 133 కోట్లకు, చివరి భాగం 2019లో 107 కోట్లకు దిగాయి. వంద కోట్లు దాటాక కూడా ఏడుపెందుకని మీరు అనొచ్చు. మధ్యలో 2018 మేలో వచ్చిన 'సోలో' సంగతి చూడండి. అంతకు ముందు స్టార్ వార్స్ సినిమా వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. షూటింగ్ నడుస్తుండగా దర్శకులను మార్చి చాలా భాగం మళ్లీ తీశారు. ఖర్చు పాతిక కోట్ల డాలర్లు దాటిందని ట్రేడ్ లెక్క. వసూలైంది 39 కోట్లు. ఏడాదికొకటి చొప్పున ఐదు సినిమాలు వదిలాక, 2019 డిసెంబరు నుంచి 2025 చివరిదాకా థియేటర్‌కి ఒక్క స్టార్ వార్స్ సినిమా కూడా రాలేదు.

'ఫెంటాస్టిక్ బీస్ట్స్' దిగిన తీరు ఇంకా నేరుగా కనిపిస్తుంది. 2016లో 81 కోట్ల డాలర్లు, 2018లో 65 కోట్లు, 2022లో 40 కోట్లు. ఐదు భాగాలని చెప్పి మూడింటితో ఆపేశారు. 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' ఏడో భాగం 2015లో 151 కోట్లు తెచ్చింది. పాల్ వాకర్ మరణం తర్వాత జనం ఆయన కోసం కూడా వచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. 2023లో వచ్చిన పదో భాగం 70 కోట్ల దగ్గర ఆగింది, దాని ఖర్చు మాత్రం సుమారు 34 కోట్లని పత్రికలు రాశాయి. వసూళ్లు సగానికి పడ్డాయి, ఖర్చు ముందుకంటే పెరిగింది. ఏ వ్యాపారంలో నడుస్తుంది ఇది?

ఇది ఈ తరంలో పుట్టిన జబ్బేమీ కాదు. 1989లో 'బ్యాట్‌మ్యాన్' 41 కోట్ల డాలర్లు వసూలు చేస్తే, ఖర్చు బాగా పెంచి, బొమ్మలు అమ్ముకోవడానికి వీలుగా 1997లో తీసిన నాలుగో భాగం 24 కోట్ల దగ్గర చతికిలబడింది. ఎనిమిదేళ్ల విరామం తర్వాత 2005లో మళ్లీ మొదటి నుంచి కథ చెప్పారు. 2008కల్లా అదే హీరో వంద కోట్ల డాలర్లు దాటాడు. మందు అప్పుడే తెలిసింది: కొంత కాలం ఆగడం, కథను మొదటి నుంచి చెప్పడం. మీ ఫైళ్లలో ఇదంతా ఉండే ఉంటుంది.

ఇప్పుడు పైకి కనిపించని లెక్క. 2023లో వచ్చిన 'ఇండియానా జోన్స్' ఐదో భాగానికి సుమారు 30 కోట్ల డాలర్లు ఖర్చయిందని ట్రేడ్ పత్రికలు రాశాయి. ప్రపంచమంతా కలిపి గ్రాస్ 38 కోట్లు. బయటివాళ్లు ఎనిమిది కోట్లు మిగిలాయనుకున్నారు. కానీ గ్రాస్ అంటే ప్రేక్షకుడు గల్లాలో వేసిన మొత్తం. అందులో సుమారు సగం థియేటర్ల దగ్గరే ఉంటుంది. చైనాలో అయితే స్టూడియో చేతికి పావు వంతు మాత్రమే వస్తుంది. అంటే 38 కోట్లలో స్టూడియోకు చేరింది 19 కోట్లకు అటూ ఇటూ. ఇంత పెద్ద సినిమాకు ప్రపంచవ్యాప్త పబ్లిసిటీ మామూలుగా పది కోట్ల డాలర్లకు తగ్గదు. అది 30కి కలిపితే పెట్టుబడి 40. టీవీ, ఓటీటీ అమ్మకాలు ఎంత కలిపినా ఈ గొయ్యి పూడటం కష్టం. 2008లో వచ్చిన నాలుగో భాగం 79 కోట్లు తెచ్చింది కాబట్టి ఐదో భాగానికి 30 కోట్లు పెట్టొచ్చని ఎవరో ఒక గదిలో లెక్కేసి ఉంటారు. మధ్యలో పదిహేనేళ్లు గడిచాయన్న సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు కాబోలు.

ఖర్చు ఎందుకు దిగదో మాకూ తెలుసు. మొదటి సినిమాలో పెద్దగా పేరు లేని నటులు తక్కువకు దొరుకుతారు. హిట్ అయ్యాక పారితోషికం పెరుగుతుంది, లాభంలో వాటా కూడా ఇవ్వాల్సి వస్తుంది. ముందు దానికంటే పెద్ద క్లైమాక్స్ కావాలి, ఇంకా ఎక్కువ గ్రాఫిక్స్ కావాలి. కథ పూర్తి కాకముందే రిలీజ్ తేదీ ప్రకటిస్తారు కాబట్టి రీషూట్లు తప్పవు. 2022 జులైలో ఒక కొత్త 'అవెంజర్స్' సినిమాను పేరుతో సహా ప్రకటించి 2025 మే అని తేదీ ఇచ్చారు. ఆ పేరుతో ఆ సినిమా రానేలేదు. 2020 డిసెంబరులో ప్రకటించిన స్టార్ వార్స్ సినిమా 'రోగ్ స్క్వాడ్రన్' కూడా 2023లో రావాల్సింది, జాబితాలోంచే ఎగిరిపోయింది. స్క్రిప్ట్ లేని తేదీలకు మేం స్క్రీన్లు ఖాళీగా ఉంచుకోవాలా?

ఇక కథ అందకపోవడం గురించి. 2019లో 'కెప్టెన్ మార్వెల్' 113 కోట్ల డాలర్లు వసూలు చేసింది. దాని సీక్వెల్ 'ది మార్వెల్స్' 2023లో 21 కోట్లు కూడా దాటలేదు, మార్వెల్ స్టూడియో సొంతంగా తీసిన సినిమాలన్నిటిలో అట్టడుగు. అందులో ముగ్గురు హీరోయిన్లు. ఒకరిని తెలుసుకోవాలంటే 'వాండావిజన్' సిరీస్ చూసి ఉండాలి, ఇంకొకరిని తెలుసుకోవాలంటే 'మిస్ మార్వెల్' సిరీస్ చూసి ఉండాలి. రెండూ ఓటీటీలోనే ఉన్నాయి. థియేటర్ టికెట్ కొన్నవాడు సినిమా అర్థం చేసుకోవడానికి ఇంట్లో ముందే గంటల కొద్దీ చూసి రావాలన్నమాట. అమెరికాలో ఆ సినిమా రెండో వారాంతం వసూళ్లు మొదటి వారాంతంతో పోలిస్తే 78 శాతం పడిపోయాయి. మొదటి రోజుల్లో వచ్చింది వీరాభిమానులు. ఆ తర్వాత రావాల్సిన మామూలు జనం రాలేదు.

2008 నుంచి 2019 దాకా పదకొండేళ్లకు పైగా సాగిన కాలంలో మార్వెల్ 23 సినిమాలు తీసింది. ఆ తర్వాత 2021 ఒక్క ఏడాదిలోనే నాలుగు సినిమాలు, ఐదు సిరీస్‌లు వదిలింది. అన్ని సిరీస్‌లు తీయడం వల్ల శ్రద్ధ పలచబడిందని 2023లో డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ గారే బయటికి చెప్పారు. మరుసటి ఏడాది సినిమాలను ఏటా రెండు మూడింటికి తగ్గిస్తామన్నారు. ఆ నిజాయితీకి సంతోషం. అయితే తగ్గించాక 2025లో వచ్చిన 'కెప్టెన్ అమెరికా' కొత్త భాగం 41 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. అదే పేరుతో 2016లో వచ్చిన భాగం 115 కోట్లు తెచ్చింది. సంఖ్య తగ్గించారు, ముందు కథలన్నీ చూసి రావాల్సిన అవస్థ తగ్గించలేదు. ఆ కొత్త భాగం కూడా ఒక పాత సినిమాను, ఒక సిరీస్‌ను తెలిసినవాళ్ల కోసం తీసిందే.

చైనా సంగతి క్లుప్తంగా. 2019 జులై తర్వాత 2023 ఫిబ్రవరి దాకా అక్కడ ఒక్క మార్వెల్ సినిమా కూడా విడుదల కాలేదు. తిరిగి తలుపు తెరిచేసరికి అక్కడి ప్రేక్షకులు తమ సినిమాల వైపు వెళ్లిపోయారు. బడ్జెట్లు మాత్రం ఆ మార్కెట్ ఉన్న రోజుల్లోవే.

మీ పెద్దల సభల్లో ఇంకో మాట వినిపిస్తుంది: సినిమా కొంచెం నష్టపోయినా బొమ్మలు, థీమ్ పార్కులు, ఓటీటీ చందాలు కలిపి చూసుకుంటే లాభమే అని. కావచ్చు. బొమ్మ అమ్మితే వచ్చే డబ్బులో మా గేట్ కీపర్‌కి వాటా లేదు కదా. సినిమా ఆడకపోతే నష్టం ఎవరెవరి మీద పడుతుందో వరుసగా చెబుతాను.

1. థియేటర్లో పనిచేసేవాళ్లు. 2017లో 'ది లాస్ట్ జెడై'కి అమెరికా థియేటర్ల నుంచి డిస్నీ టికెట్ డబ్బులో 65 శాతం అడిగిందని, నాలుగు వారాల పాటు అతి పెద్ద స్క్రీన్‌లో ఆడించాలని షరతు పెట్టిందని, మాట తప్పితే అదనంగా మరో ఐదు శాతమని అప్పట్లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. సినిమా నాలుగు వారాలు ఆడేదైతే ఈ షరతు భరించొచ్చు. రెండో వారానికే ఆక్యుపెన్సీ (నిండే సీట్ల శాతం) పడిపోయే సీక్వెల్‌కి ఇలాంటి షరతు ఉంటే ఏమవుతుంది? పెద్ద హాలు ఖాళీ. ఏసీ ఆగదు, కరెంటు బిల్లు ఆగదు. మా ఆదాయంలో పెద్ద భాగం క్యాంటీన్‌ది, జనం లేకపోతే అదీ లేదు. చాలా ఒప్పందాల్లో మొదటి వారం స్టూడియోకి ఎక్కువ శాతం, వారాలు గడిచేకొద్దీ మాకు ఎక్కువ శాతం. మూడు రోజుల్లో ముగిసిపోయే సినిమాలో మా వాటా పెరిగే రోజే రాదు. కోత మొదట ఎవరికి పడుతుందో మీకు చెప్పాలా? టికెట్లు చింపేవాళ్లకు, హాలు ఊడ్చేవాళ్లకు, పాప్‌కార్న్ కౌంటర్ దగ్గర రోజు కూలికి నిలబడేవాళ్లకు. షోలు తగ్గితే వాళ్ల షిఫ్టులు తగ్గుతాయి. కరోనా దెబ్బ మీద పెద్ద సినిమాలు కరువై, అమెరికాలో రీగల్ థియేటర్లు నడిపే సినీవరల్డ్ 2022 సెప్టెంబరులో దివాలా రక్షణ కోరిన సంగతి మీకు తెలిసిందే. అంత పెద్ద గొలుసుకే ఆ గతి పడితే నాలుగు స్క్రీన్లవాడి సంగతి ఊహించుకోండి.

2. గ్రాఫిక్స్ పనివాళ్లు. తేదీ మారదు, కథ మారుతూనే ఉంటుంది. ఆ రెండింటి మధ్య రాత్రింబవళ్లు కూర్చునేది వీఎఫ్‌ఎక్స్ ఆర్టిస్టులు. 2023 సెప్టెంబరులో మార్వెల్‌లోని వీఎఫ్‌ఎక్స్ సిబ్బంది ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా యూనియన్ పెట్టుకున్నారు. పనిగంటల మీద, జీతాల మీద కడుపు మండకపోతే అందరూ ఒకే మాట మీద నిలబడరు. 2013లో 'లైఫ్ ఆఫ్ పై'కి గ్రాఫిక్స్ ఆస్కార్ వచ్చే నాటికే ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీ దివాలా తీసింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద గ్రాఫిక్స్ సంస్థ కూలింది, దానితో పాటే దాని కింద ఉన్న ఎంపీసీ స్టూడియో. బెంగళూరులో ఆ కంపెనీకి పనిచేసే ఎంతోమంది తెల్లారేసరికి రోడ్డున పడ్డారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. మీ బడ్జెట్‌లో గ్రాఫిక్స్‌కి ఏటా ఎక్కువ పోతోందంటారు. మరి ఆ పని చేసే కంపెనీలు ఎందుకు మూతపడుతున్నాయి? ఒప్పుకున్న ధర స్థిరం, మీ మార్పులకు అంతు లేదు. తేడా వాళ్లే భరిస్తున్నారు.

3. కుటుంబంతో వచ్చే ప్రేక్షకుడు. మీ గ్రాస్ ఇంకా పెద్దగా కనిపించడానికి ఒక కారణం టికెట్ ధర. ఐమ్యాక్స్, త్రీడీ అంటూ రేటు పెరిగితే, తక్కువ మంది వచ్చినా అంకె అంతే ఉంటుంది. అందుకే తలల లెక్కలో పడిపోతున్న సంగతి డబ్బు లెక్కలో ఆలస్యంగా బయటపడుతుంది. ఫ్రాన్స్‌లో బాక్సాఫీసును అమ్ముడైన టికెట్ల సంఖ్యలో చెబుతారు. మీరు మాత్రం డాలర్లలోనే చెబుతారు. ఆ పెరిగిన రేటు కట్టేది భార్యనీ పిల్లల్నీ తీసుకొచ్చే మామూలు మనిషి. టికెట్ చాలదన్నట్టు, కథ అర్థం కావాలంటే ఓటీటీ చందా కూడా కట్టాలి. అది కట్టినవాడు కొన్ని వారాలు ఆగితే ఈ సినిమా కూడా ఇంట్లోకే వస్తుందని గ్రహించాడు. కరోనాకు ముందు ఆ గడువు మూడు నెలల దగ్గర ఉండేది. 2021 జులైలో 'బ్లాక్ విడో'ను థియేటర్‌తో పాటే ఓటీటీలో అమ్మారు. సినిమా హీరోయినే కోర్టుకెక్కింది, తర్వాత రాజీ కుదిరింది. ఇంట్లో ఆగడం ప్రేక్షకుడికి అలవాటు చేసింది మీరే, ఇప్పుడు రావడం లేదని వాపోతున్నదీ మీరే.

4. చిన్న, మధ్యతరహా సినిమాలు తీసేవాళ్లు. మీ సీక్వెల్ పేరు మీద స్క్రీన్లన్నీ కట్టేసి ఉంటే, మంచి టాక్ వచ్చిన చిన్న సినిమాకు మేం షోలు పెంచలేం. దాని నష్టం ఏ లెక్కలోనూ కనబడదు.

తక్కువలో తీయడం కుదరదని మాత్రం చెప్పకండి. 2017లో ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమా అంతకు ముందు భాగం కంటే దాదాపు సగానికి, 60 కోట్ల డాలర్లకు పడిపోయాక, మరుసటి ఏడాది 'బంబుల్‌బీ'ని సుమారు సగం ఖర్చుతో తీశారు. ఒక అమ్మాయి, ఒక రోబో, తనంతట తాను అర్థమయ్యే కథ. గ్రాస్ 47 కోట్లకు తగ్గినా మిగులు ఉంది. జపాన్‌వాళ్లు 2023లో 'గాడ్జిల్లా మైనస్ వన్'ను కోటిన్నర డాలర్లలోపు తీసి పది కోట్లకు పైగా వసూలు చేశారు, గ్రాఫిక్స్ ఆస్కార్ కూడా పట్టుకెళ్లారు. అక్కడి కూలీ రేట్లు, పని పద్ధతులు వేరు, నిజమే. ఇరవై రెట్లు తేడాకు మాత్రం అది సమాధానం కాదు.

పాత హీరోలను వెనక్కి పిలవడం మీకు ఇప్పుడు దొరికిన దారి. అది ఒకసారి బాగా పనిచేస్తుంది. దాచుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీసి ఖర్చు పెట్టుకోవడం లాంటిది, ఆ నెల చేతిలో డబ్బు ఆడుతుంది. కొత్త పాత్రను జనానికి ఇష్టమయ్యేలా పెంచే పని అలాగే మిగిలిపోతుంది.

ఇవీ మా డిమాండ్లు:

1. బడ్జెట్‌ను ఫ్రాంచైజీలోని అతి పెద్ద హిట్‌ను చూసి కాక, ఆ పాత్రతో చివరిగా వచ్చిన సినిమా వసూళ్లను చూసి కట్టండి.

2. వసూళ్లు పడిపోయిన ఫ్రాంచైజీలో తర్వాతి భాగానికి థియేటర్ వాటా, కనీస వారాల షరతు రెండూ తగ్గించండి. రెండో సోమవారం ఆక్యుపెన్సీ చూసి షోలు మార్చుకునే హక్కు మాకు ఒప్పందంలోనే రాసివ్వండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం అన్నా సరే, ఇది మాత్రం ఇప్పుడే కావాలి.

3. స్క్రిప్ట్ పూర్తయ్యాకే రిలీజ్ తేదీ ప్రకటించండి. ప్రకటించిన తేదీ మీ కారణంగా మారితే, ఆ వారం కోసం వేరే సినిమా వదులుకున్న థియేటర్లకు పరిహారం ఇవ్వండి.

4. ఏ సిరీస్ చూడనివాడికైనా అర్థమయ్యేలా ప్రతి సినిమా తీయండి. సాధ్యం కాకపోతే ఆ సంగతి పోస్టర్ మీదే చెప్పండి. కౌంటర్ దగ్గర మా కుర్రాడు తిట్లు తినకుండా ఉంటాడు.

5. థియేటర్‌కి, ఓటీటీకి మధ్య మూడు నెలల గడువు తిరిగి తెండి, కనీసం ఫ్రాంచైజీ సినిమాలకైనా.

6. వీఎఫ్‌ఎక్స్ కంపెనీలతో ఒప్పందాల్లో, ముందు అనుకున్న మార్పులు దాటితే అదనపు డబ్బు ఇచ్చే నిబంధన పెట్టండి.

7. డాలర్లతో పాటు అమ్ముడైన టికెట్ల సంఖ్య కూడా దేశాల వారీగా వెల్లడించండి. ఎవరు తగ్గుతున్నారో, ఎక్కడ తగ్గుతున్నారో మాకూ తెలిస్తే బుకింగ్ తప్పులు తగ్గుతాయి.

వచ్చే ఏడాది సినిమాల ఒప్పంద పత్రాలు త్వరలో మా టేబుల్ మీదకు వస్తాయి. రెండో డిమాండ్‌కు అందులో చోటు లేకపోతే, పడిపోతున్న సీక్వెల్స్‌ను పెద్ద స్క్రీన్‌లో వేయబోమని తోటి ఎగ్జిబిటర్లతో మాట్లాడుకుంటున్నాం. ఆ పరిస్థితి రాకముందే, సంతకం చేసే అధికారం ఉన్న మనిషిని మాట్లాడటానికి పంపండి. "పైకి పంపాం" అని చెప్పేవాళ్లను మాత్రం ఈసారి పంపకండి.

ఇట్లు,
థియేటర్ల బుకింగ్ చూసుకునే ఒక ఎగ్జిబిటర్